పేరు మార్చి మళ్ళీ చెప్పండి

డిబేట్ ఇన్‌ఛార్జి పని ఎవరూ అడిగి తీసుకోరు. కాలేజీలో కొత్తగా చేరినవాడికి, కాదనడం ఇంకా చేతకానివాడికి అంటగడతారు. ఆటల మాస్టారికి ఈల ఇస్తారు, లైబ్రేరియన్‌కి తాళాలిస్తారు, డిబేట్ మాస్టారికి ఒక గంట ఇస్తారు. అది మాట్లాడేవాళ్ళ నోరు మూయించడానికి. స్వేచ్ఛ గురించి మాట్లాడించే పనికి నోరు మూయించే పనిముట్టు ఇచ్చారేంటా అని మొదటి రోజే అనుకున్నాను. రిటైరయ్యే రోజు దాకా అనుకుంటూనే ఉన్నాను.

మొన్న మా కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరరమ్మాయి ఫోన్ చేసింది. "మాస్టారూ, నాకు డిబేట్ ఇచ్చారండి. ప్రభుత్వాల గురించి పెడితే పిల్లలు కొట్టుకునేలా ఉన్నారు. పర్యావరణం మీద పెట్టేసుకోనా అండి?" అని అడిగింది. ఫోన్లో కొంత చెప్పాను. చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. రాద్దామన్నా ఎక్కువ లేవు.

రాజు లేని రాజనీతి

నేను పనిచేసింది రాజమండ్రికి బస్సులో గంట దూరంలో, కాలవ పక్కన ఉన్న ఎయిడెడ్ కాలేజీలో. చెప్పింది రాజనీతిశాస్త్రం. రాజులు ఎప్పుడో పోయారు, నీతి సిలబస్‌లో లేదు, శాస్త్రం అంటే ఫిజిక్స్ వాళ్ళు ఒప్పుకోరు. మిగిలినదాంతో ముప్పై ఏళ్ళ పైన నెట్టుకొచ్చాను. పెళ్ళయిన కొత్తలో మా అత్తవారి వైపు వాళ్ళు, అల్లుడు పాలిటిక్స్‌లో ఉన్నాడని గొప్పగా చెప్పుకునేవారు. నేను సైకిల్ మీద కాలేజీకి వెళ్ళడం చూశాక, పాలిటిక్స్ చెబుతాడని సవరించుకున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక డిబేట్ ఉండేది. ప్రపంచంలో ఏ నియంతనైనా క్షమించాలనిపించే వేళ అది. కడుపు నిండుగా ఉంటుంది, ఫ్యాను తిరిగీ తిరగనట్టు తిరుగుతుంది, కిటికీ అవతల రావులపాలెం మార్కెట్‌కి వెళ్ళే అరటి గెలల లారీలు హారన్ కొడుతుంటాయి. ఆ నిద్రమత్తులో కూడా పిల్లల్ని కుర్చీ అంచుల మీద కూర్చోబెట్టిన ఘనత మా హెడ్డు సుందరరావు గారిది. నేను చేరినప్పుడు ఆయన డిపార్టుమెంటుకి పెద్ద, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. లూథరన్ క్రైస్తవ కుటుంబం. తెల్ల చొక్కా, జేబులో సుద్దముక్క. ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనగా నేను వినలేదు. ఆయన మెల్లగా అడిగే ప్రశ్న కంటే ఇంకొకరి తిట్టు నయమనిపించేది.

మా డిబేట్‌కి ఆయన పెట్టిన రూలు ఒకటుండేది. ఎవరైనా ఏ ప్రభుత్వాన్నయినా ఎంత ఘాటుగానైనా విమర్శించవచ్చు. కానీ ఆ విమర్శలో అన్నిటికంటే గట్టి వాక్యాన్ని ఒకరు బోర్డు మీద రాస్తారు. గంట కొట్టాక అందులో దేశం పేరు చెరిపేసి, ఇంకో పేరు రాస్తారు. మాట్లాడినవాడు అదే వాక్యాన్ని అంతే గట్టిగా మళ్ళీ చదవాలి. చదవలేకపోతే ఈ రెండో చోట అది ఎందుకు వర్తించదో కారణం చెప్పాలి. ఏ పేరు పెట్టాలో సభలో ఎవరైనా లేచి అడగవచ్చు. అలా అడిగినవాళ్ళని కూర్చోమనే హక్కు మాస్టారికి లేదు.

ఈ రూలు ఎలా పుట్టిందో ఆయనే ఒకసారి చెప్పారు. ఎమర్జెన్సీ రోజుల్లో ఆయన కుర్ర లెక్చరరు. స్టాఫ్‌రూములో ఒక పెద్దాయన పొద్దుటి టీ తాగుతూ, పొరుగు దేశపు సైనిక పాలకుడు పత్రికల వాళ్ళని జైల్లో పెట్టాడని మండిపడ్డారట. అదే పెద్దాయన సాయంత్రం టీ దగ్గర, మన దగ్గర జైల్లో పెట్టినవాళ్ళకి అలాగే కావాలి, రైళ్ళు టైముకి వస్తున్నాయి కదా అన్నారట. "మనిషి ఒకడే, గ్లాసు ఒకటే, టీ కూడా ఒకటేనయ్యా. దేశం పేరు ఒక్కటే మారింది" అన్నారు సుందరరావు గారు.

నేను తడబడ్డ శుక్రవారం

చేరిన మొదటి ఏడాదే నేను పిల్లల ముందు నా ప్రతిభ చూపించబోయాను. రష్యాలో మాట్లాడే హక్కు లేదని దంచేశాను. గుమ్మంలో నిలబడి వింటున్న సుందరరావు గారు గంట కొట్టించి, రష్యా చెరిపి, సముద్రం అవతలి ఒక చిన్న దేశం పేరు రాశారు. రోడ్డు మీద ఉమ్మితే జరిమానా వేసే దేశం. ఆ క్రమశిక్షణ గురించి నేను స్టాఫ్‌రూములో పొగడని రోజు లేదు. చదవమన్నారు. నేను సగంలో ఆపేశాను. అక్కడ వీధులు శుభ్రంగా ఉంటాయండి అన్నాను. "శుభ్రమైన వీధిలో మాట్లాడకపోతే ఫరవాలేదా అండి?" అని ఆయన అడిగితే పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను, అది ఉద్యోగం నిలబెట్టుకునే నవ్వు.

నాకు తోడు దొరికారని సంతోషించింది ఎకనమిక్స్ సుబ్బారాయుడు గారు చిక్కినప్పుడు. ఆయనది ఎర్ర జెండా. లాటిన్ అమెరికా సైన్యాధిపతుల గురించి ఆయన మాట్లాడితే నిజంగా కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఆ నీళ్ళు అబద్ధం కాదు. పేరు మార్చి చైనా అని రాసేసరికి మాత్రం ఆయన, చరిత్ర నేపథ్యం చూడాలండి అన్నారు. అప్పుడు సుందరరావు గారు అన్న మాట ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళందరికీ పనికొస్తుంది. "చూద్దామండి. తప్పకుండా చూద్దాం. ఆ జనరల్ గారికి కూడా ఒక నేపథ్యం ఉంటుంది కదండి, ముందు దాన్ని కూడా చూసి వద్దాం." మనం ఇష్టపడేవాళ్ళకి నేపథ్యం ఉంటుంది, పడనివాళ్ళకి నేరం ఉంటుంది. ఇది నేను ఎంఏలో చదవలేదు.

ఒక హెచ్చరిక. ఈ రూలు వల్ల కొందరు పిల్లలు తేలిక దారి కనిపెట్టేవారు. అందరూ దొంగలేనండి, అన్ని ప్రభుత్వాలూ ఒకటేనండి అని చేతులు దులుపుకునేవారు. వాళ్ళకి సుందరరావు గారు మార్కులు వేసేవారు కాదు. ఒకచోట ఎడిటరుని జైల్లో పెడతారు, ఇంకోచోట ఎడిటరు మీద కేసు వేస్తారు. రెండూ తప్పే కావచ్చు, కానీ రెండూ ఒకటి కాదు. తేడా ఉంటే తేడా చెప్పాలి. ఆ తేడా మనం చూసి చెప్పేది కావాలి. అభిమానం కొద్దీ కనిపించే తేడా అయితే చెల్లదు.

వంతెన కోసం నియంత

కోనసీమ వైపు నుంచి గోదావరి పాయ దాటి, పంటు ఎక్కి వచ్చే కుర్రాడొకడు ఉండేవాడు. వరద రోజుల్లో పంటు ఆగిపోతే వాడికి కాలేజీ ఉండదు. ఒక శుక్రవారం లేచి, ప్రజాస్వామ్యం వద్దండి, గట్టి నియంత ఒకడుంటే మా రేవు దగ్గర వంతెన ఆర్నెల్లలో అయిపోతుందండి అన్నాడు. వాడిని చూసి ఎవరూ నవ్వలేదు. రోజూ తడిసి వచ్చేవాడు ఆ మాట అనడంలో తప్పేమీ కనిపించలేదు. నేను అప్పటికి రెండు మూడు పాశ్చాత్య సిద్ధాంతాలు నెమరేసుకుంటున్నాను.

సుందరరావు గారు వాడి పక్కన కూర్చుని, "కడతాడయ్యా. ఆర్నెల్లు కూడా అక్కర్లేదు. ఎక్కడ కట్టాలో నిన్ను అడుగుతాడా?" అన్నారు.

"అడగడండి."

"వాళ్ళ అత్తగారి ఊరి దగ్గర కడితే?"

"అప్పుడు పంటే నయమండి" అన్నాడు.

నేను సిద్ధాంతాలన్నీ సంచిలో పెట్టేసుకున్నాను. ఇప్పటి పిల్లల దగ్గర సమాచారం మా కంటే వంద రెట్లు ఎక్కువ. ఫోను తీస్తే ఏ దేశంలో ఎవరిని ఎప్పుడు అరెస్టు చేశారో చెబుతారు. అయితే ఆ ఫోను వాళ్ళకి నచ్చని ప్రభుత్వం సంగతులే వరసగా చూపిస్తుంది. అందుకే నేను ఆఖరి సంవత్సరాల్లో డిబేట్‌కి ముందు ఫోన్లు లాక్కునేవాడిని కాదు. పక్కవాడితో మార్చుకోమనేవాడిని. పక్కవాడి ఫోనులో ప్రపంచం వేరేగా ఉందని తెలిసినప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి. అది నా సొంత తెలివి కాదు, సుందరరావు గారి రూలుకి నేను చేసిన చిన్న మరమ్మత్తు.

గ్రేస్ మణి లేచింది

ఇక అసలు సంగతి. సుందరరావు గారు ప్రిన్సిపాల్‌గా రిటైరవడానికి ఏడాది కూడా లేని రోజులు. మా కాలేజీ కరస్పాండెంటు పెద్దిరాజు గారు. వాళ్ళ నాన్నగారు కట్టించిన కాలేజీ. ఆయన తర్వాత ఆ కుర్చీలో ఈయన కూర్చున్నారు. కమిటీ అనేది కాగితం మీద ఉండేది, కాఫీలకి కలిసేది. రాజు గారు చెడ్డమనిషి కాదు. ఎంత కోపంలోనైనా 'గారు' వదిలేవారు కాదు. పేద పిల్లల ఫీజులు చెప్పకుండా కట్టేవారు. తన మాటకి ఎదురు మాట ఉండవచ్చన్న ఊహ మాత్రం ఆయనకి ఎవరూ పరిచయం చెయ్యలేదు. ఆ దసరా ముందు మా పిల్లల గోడపత్రికలో ఆడపిల్లల గదిలో నీళ్ళు రావడం లేదని ఒక వ్యంగ్యం వస్తే, తెల్లారేసరికి గోడపత్రికే లేదు. గోడ ఉంది.

ఫైనల్ డిబేట్‌కి ఆయనే ముఖ్య అతిథి. అంశం, అభివృద్ధి కోసం స్వేచ్ఛ వదులుకోవచ్చా అని. ఆయన పేపరు బాగా చదువుతారు, బాగా మాట్లాడారు. అప్పట్లో రోజూ వార్తల్లో ఉండే ఒక దేశపు పాలకుడిని తీసుకుని చీల్చి చెండాడారు. ఆయన మాటల్లోంచి గట్టి వాక్యం ఒకటి ఏరి ఒక పిల్ల అలవాటు ప్రకారం బోర్డు మీద రాసేసింది. "తండ్రి కుర్చీలో ఎవరినీ అడగకుండా కొడుకు కూర్చుని, గోడ మీద రాతల్ని రాత్రికి రాత్రి చెరిపిస్తే, ఆ దేశంలో మిగిలేది జనం కాదు, జనాభా." ఇప్పటికీ చెబుతాను, మా బోర్డు మీద పడ్డ వాక్యాల్లో అంత మంచిది ఇంకొకటి లేదు.

గంట కొట్టాల్సింది నేను. అతిథికి గంట కొట్టాలా వద్దా అని చెయ్యి గాల్లో పెట్టుకుని ఆలోచిస్తున్నాను. ఈలోగా బీఏ ఫైనలియర్ గ్రేస్ మణి లేచింది. పొట్టిగా, జడ గట్టిగా బిగించుకుని ఉండే పిల్ల. వాళ్ళ నాన్న కాలవ లాకుల ఆఫీసులో గుమాస్తా.

"రాజు గారూ, పేరు మార్చి మళ్ళీ చెప్పండి. మన కాలేజీ పేరు పెట్టి."

ఆ గొంతులో వెటకారం లేదు. ప్రతి శుక్రవారం ఎవరో ఒకరిని అడిగినట్టే అడిగింది. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రాజు గారు బోర్డు వైపు తిరిగి తన వాక్యాన్ని మొత్తం చదువుకున్నారు. తర్వాత అందరికీ నమస్కారం పెట్టి, మెట్లు దిగి కారెక్కారు. శాలువాతో పాటు మేమిచ్చిన అరటి గెల వేదిక మీదే ఉండిపోయింది. దాన్ని భుజాన వేసుకుని కారు వెనక పరిగెత్తినవాడిని నేనే. కారు అందలేదు. గెల ఆ వారమంతా స్టాఫ్‌రూములో పండింది.

మర్నాడు ప్రిన్సిపాల్ గారికి ఫోను వచ్చింది. ఆ అమ్మాయికి టీసీ ఇచ్చి పంపించమన్నారు. పరీక్షలకి ఇంకా రెండు నెలలు కూడా లేవు. ఈ సమయంలో టీసీ ఇస్తే ఇంకే కాలేజీ చేర్చుకోదు, ఏడాది పోతుంది. గ్రేస్ మణికి ఏడాది పోవడమంటే చదువు పోవడమే. జూన్‌లో వాళ్ళ తమ్ముడు కాలేజీకి రావాలి, ఇద్దరినీ ఒకేసారి చదివించే స్తోమత వాళ్ళ నాన్నకి లేదు. డిగ్రీ అయితే బీఈడీ చేసి టీచరు అవుదామని ఆ పిల్ల ఆశ.

స్టాఫ్‌రూములో ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. సుబ్బారాయుడు గారు గొంతు తగ్గించి, మేనేజ్‌మెంట్ విషయం వేరండి, దేశాలతో పోల్చకూడదండి అన్నారు. ఖండాలు దాటిన ఆయన ధైర్యం మా ప్రహరీ గోడ దగ్గర ఆగింది. నా ధైర్యం అంత దూరం కూడా పోలేదు. నేను ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్ళి, అతిథులకి మా రూలు వర్తించదని చెప్పేద్దామండి, ఆ పిల్ల తెలియక అడిగిందందాం అన్నాను.

"చెబుదాం. మరి పోయిన ఏడాది ఎమ్మార్వో గారిని అడిగితే ఆయన పేరు మార్చి చదివారు కదయ్యా. ఆయన అతిథి కాదా?" అన్నారు సుందరరావు గారు.

మిల్లు మేడ మీద

రాజు గారు మమ్మల్ని తన రైసు మిల్లు మేడ మీది గదికి రమ్మన్నారు. ప్రిన్సిపాల్ గారు, నేను, గ్రేస్ మణి వెళ్ళాం. వాళ్ళ నాన్న కింద కాటా దగ్గర బల్ల మీద కూర్చుండిపోయారు. గదంతా తవుడు వాసన. రాజు గారు ఆ పిల్లని కూడా కుర్చీలో కూర్చోమన్నారు. అంత కోపంలోనూ ఆ మర్యాద తప్పలేదు.

"అమ్మా, మీ రూలు ప్రకారమే నేనూ ఒకటి అడుగుతాను. మీరు చర్చికి వెళతారు కదా. అక్కడ కమిటీ పెద్దలు ఎన్నాళ్ళుగా ఉన్నారు? వాళ్ళని ఎవరు ఎన్నుకున్నారు? నన్ను అడిగినట్టు వాళ్ళని అడగగలరా?"

ఆయన తెలివికి నా లోపల నేనే దండం పెట్టుకున్నాను. ఇక పిల్ల తడబడుతుంది, నేను తడబడ్డట్టే.

"అడిగానండి" అంది గ్రేస్ మణి.

"ఎప్పుడు?"

"పోయిన ఆదివారమండి. ఆరాధన అయ్యాక లేచి, కమిటీకి ఎన్నిక ఎప్పుడు పెడతారండి అని అడిగాను. నన్ను పాటలు పాడే క్వయర్‌లోంచి తీసేశారండి."

రాజు గారు ఏదో అనబోతుండగా సుందరరావు గారు తల వంచుకునే, "ఆ కమిటీలో నేనూ ఉన్నానండి" అన్నారు. "తియ్యమని నేను అనలేదు. వద్దని కూడా అనలేదు."

రాజు గారు ఆయన్ని అలాగే చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. ఎగతాళి నవ్వు కాదు. చాలాకాలంగా ఒంటరిగా ఉన్న మనిషికి తోడు దొరికితే వచ్చే నవ్వులా ఉంది. "అయితే ప్రిన్సిపాల్ గారూ, మనిద్దరం ఒకే దేశం వాళ్ళమన్నమాట" అన్నారు.

నవ్వాక మనసు కొంచెం మెత్తబడింది. గ్రేస్ మణిని, కిందకి వెళ్ళి మీ నాన్నగారి దగ్గర కూర్చోండమ్మా అని పంపించారు. తలుపు వేశాక, పిల్లని పరీక్షలు రాసుకోనివ్వండి, ఆ పేర్లు మార్చే ఆట మాత్రం ఇక వద్దండి అన్నారు. సుందరరావు గారు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, అలాగేనండి అన్నారు.

కాలవ వెంబడి నడిచి వస్తూ నేను ఉడికిపోయాను. ముప్పై ఏళ్ళు కాపాడుకున్న రూలుని అంత తేలికగా ఎలా ఇచ్చేశారండి అన్నాను. రిటైర్మెంటు కాగితాల మీద రాజు గారి సంతకం కావాలి కాబట్టేనా అన్న అనుమానం కూడా నోటి దాకా వచ్చింది. ఆయన దాన్ని నా ముఖంలో చదివే ఉంటారు. "రూలు మనదయ్యా, పోయినా మళ్ళీ పెట్టుకోవచ్చు. ఏడాది ఆ పిల్లది" అన్నారు. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకి నేను మొదట చెప్పే మాట ఇదే. మీ ఆదర్శానికి అయ్యే ఖర్చు పిల్లల ఖాతాలో రాయకండి. అంతా బాగానే ముగిసిందనుకుని ఆ పూట హాయిగా అన్నం తిన్నాను.

అడగడం

మర్నాడు గ్రేస్ మణిని ప్రిన్సిపాల్ గదిలోకి పిలిచి కబురు చెప్పాం. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటుందని, థాంక్సండి అంటుందని నేను ఎదురుచూస్తున్నాను.

"నన్ను కిందకి పంపించాక ఇది అనుకున్నారా అండి?"

"అవునమ్మా" అన్నారు సుందరరావు గారు.

"ఏడాది నాది. ప్రశ్న నేనడిగింది. ఒప్పుకునే ముందు నన్నడిగారా అండి?"

నేను వెంటనే అందుకుని, "నీ మంచి కోసమేనమ్మా" అన్నాను. అన్నాక ఆ వాక్యం బోర్డు మీద సుద్దతో రాసినట్టు నాకే కనబడింది. పేరు మార్చక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా నేను పాఠంలో చెప్పిన ప్రతి నియంతా తన జనానికి చెప్పింది ఆ మాటే.

సుందరరావు గారు లేచారు. ఆ గదిలో విద్యార్థులు కూర్చోవడం అప్పటిదాకా నేను చూడలేదు. ఆయన గోడ పక్కనున్న కుర్చీ లాక్కొచ్చి తన బల్ల ఎదురుగా వేశారు.

"కూర్చో అమ్మా. నిన్న అడగాల్సింది. ఇవాళ అడుగుతున్నాను. నువ్వు వద్దంటే ఈ పూటే మిల్లుకి వెళ్ళి, మా అమ్మాయి ఒప్పుకోలేదండి అని చెప్పి వస్తాను. తర్వాత ఏమొచ్చినా నీ పక్కన నేనుంటాను. ఏం చేద్దాం?"

ఆ పిల్ల కూర్చుంది. ఆ కుర్చీ ఆ పిల్లకి పెద్దది, కాళ్ళు నేలకి సరిగా ఆనలేదు. చాలాసేపు ఆలోచించింది. నేను మధ్యలో ఏదో సలహా ఇవ్వబోతే సుందరరావు గారు చెయ్యి అడ్డం పెట్టారు. చివరికి, "నాన్ననీ తమ్ముణ్ణీ కూడా అడగాలండి. ఆ ఏడాది వాళ్ళది కూడా కదండి. రేపు చెబుతాను" అంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. వద్దంటుందేమోనని భయం, సరేనంటుందేమోనని ఇంకో భయం.

మర్నాడు వచ్చి కుర్చీలో తనే కూర్చుంది.

"ఒప్పుకుంటానండి. కాకపోతే పరీక్షలయ్యే వరకేనండి. అయిపోయాక, రూలు మళ్ళీ పెట్టుకోనివ్వమని నేనే వెళ్ళి రాజు గారిని అడుగుతాను. మీరెవరూ రానక్కర్లేదండి."

మేము చేసిన నిర్ణయమే ఇంచుమించు అది. కానీ మొన్న అది ఆ పిల్ల నెత్తిన పడింది, ఇప్పుడు ఆ పిల్ల చేతిలో ఉంది. రాజకీయ స్వేచ్ఛ అంటే ఏంటని ఇరవై ఏళ్ళుగా నోట్సు చెప్పి రాయించాను. దాని బరువు ఎంత ఉంటుందో ఆ గదిలో తెలిసింది. సుందరరావు గారు అప్పుడే మిల్లుకి వెళ్ళి, పిల్ల పెట్టిన గడువుతో సహా రాజు గారికి చెప్పి వచ్చారు. ఆయన ఏమన్నారని అడిగితే, "మిల్లు మోతలో సరిగా వినపడలేదయ్యా" అన్నారు.

ఆఖరి పరీక్ష రాసిన రోజే గ్రేస్ మణి ఎండలో మిల్లుకి వెళ్ళింది. రాజు గారు కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, పేపర్లు ఎలా రాశారని అడిగారట. రూలు సంగతి ఎత్తితే, చూద్దామమ్మా అన్నారట. ఎప్పుడు చూస్తారండి అని ఈ పిల్ల. ఆయన నవ్వి ఊరుకున్నారట. జూన్‌లో కాలేజీ తెరిచాక మొదటి శుక్రవారం నేను సుద్దముక్క పట్టుకుని, ఎవరైనా వచ్చి ఆపుతారేమోనని గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాను. ఎవరూ రాలేదు. ఒక కుర్రాడి వాక్యంలో దేశం పేరు చెరిపాను. బాగానే చెరిగింది. గోడపత్రిక తిరిగి రావడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆడపిల్లల గదికి నీళ్ళు దానికంటే ముందే వచ్చాయి. రాజు గారు ఆ తర్వాత మా డిబేట్‌కి అతిథిగా ఎప్పుడూ రాలేదు. వెనక బెంచీలో కూర్చుని వినడానికి మాత్రం రెండుసార్లు వచ్చారు.

గ్రేస్ మణి బీఈడీ చేసింది. ఇప్పుడు జంగారెడ్డిగూడెం దగ్గర హైస్కూల్లో సోషల్ టీచరు. పిల్లలు తనని కూర్చోబెట్టి ప్రశ్నలేస్తున్నారని ఫోన్లో నవ్వుతూ విసుక్కుంటుంది. నాకు సంతోషంగా ఉంటుంది.

సుందరరావు గారు రిటైరైన వెంటనే చేసిన పని, చర్చి సంఘంలో లేచి నిలబడి కమిటీకి ఎన్నిక పెట్టమనడం. ఆయన లేచాక ఇంకా ఇద్దరు ముగ్గురు లేచారట. గ్రేస్ మణిని క్వయర్‌లోకి మళ్ళీ పిలిచారు, ఎన్నికా పెట్టారు. సుందరరావు గారు నిలబడలేదు. మిగతా పాత పెద్దలంతా నిలబడ్డారు, అందరూ బ్రహ్మాండంగా గెలిచారు. ఇంత గొడవా చేసింది ఇందుకా అని నాకు నవ్వూ నీరసమూ కలిసి వచ్చాయి. బస్టాండులో గ్రేస్ మణి కనబడితే, చూశావా అమ్మా, మళ్ళీ వాళ్ళే వచ్చారు అన్నాను.

"నేనూ వాళ్ళకే వేశానండి" అంది. "ఈసారి అడిగారు కదండి."